టాంటాం ఊరి వీధుల్లోనూ వినపడాలి

సంపాదకుడు గారికి,

గొప్పలు చెప్పుకునే నాయకుల గురించి రాసేటప్పుడు పత్రికలు 'టాంటాం చేసుకుంటున్నారు' అంటుంటాయి. ఈ అర్థం తర్వాత వచ్చి చేరింది. అసలు టాంటాం అంటే తోలు మీద పుల్ల పడితే పుట్టే చప్పుడు. మన దేశానికి వచ్చిన ఇంగ్లిషువాళ్లు 17వ శతాబ్దం చివర్లో ఆ చప్పుడునే డప్పుకి పేరుగా తమ భాషలోకి తీసుకుపోయారు. హిందీలో టమ్‌టమ్. మన టముకు పేరులోనూ వినపడేది అదే మోత. తర్వాత ఇంగ్లిషువాళ్లు ఆఫ్రికా డప్పులనీ టాంటాం అనే పిలిచారు. ఇవాళ ఆర్కెస్ట్రా డ్రమ్స్ సెట్‌లో కూడా టామ్‌టామ్ ఉంది. ఇన్ని దేశాలు తిరిగిన ఆ చప్పుడు మన ఊళ్లలోనే వినపడకుండా పోతోందన్నది నా బాధ.

ఈమధ్య మా ఊళ్లో పొలాల కొలతలకు సర్వేయర్లు వస్తున్నారన్న కబురు వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకున్నారు. మా వీధి చివర ఉండే పెద్దావిడ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆమె చేలో కొలతలు ఆమె లేకుండానే అయిపోయాయి. ఇప్పుడు గట్టు సంగతి తేల్చమని ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

చాటింపు వేసే మనిషి ముందు టముకు మోగించేవాడు. పనిలో ఉన్నవాళ్లు ఆగి చెవి ఒగ్గాకే 'ఇందుమూలంగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా' అని ఎత్తుకునేవాడు. వీధి మలుపు తిరగ్గానే మళ్లీ మొదటినుంచీ. చదువు రానివాళ్లకీ, చూపు ఆననివాళ్లకీ కబురు అందేది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా స్థిరాస్తి జప్తుకి గోడ మీద కాగితం అంటిస్తే చాలనలేదు. 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం డప్పు కొట్టిగానీ, ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారంగానీ చాటాలి కూడా.

అయితే డప్పుని ఒక కులం నెత్తిన వెట్టిగా రుద్దిన రోజులు మళ్లీ రాకూడదు. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లకి పంచాయతీ సరైన కూలి ఇవ్వాలి, మర్యాదగా చూడాలి. అలా ఎవరూ రాకపోతే మైకు కట్టిన ఆటో అయినా సరే.

గ్రామసభ, భూముల సర్వే, కాలువ నీళ్ల విడుదల, కనీసం ఈ మూడింటికైనా ముందురోజు సాయంత్రం జనం పొలాల నుంచి ఇళ్లకు చేరే వేళ వీధి వీధినా చాటింపు వేయించాలి. ఏ రోజు, ఏ వీధుల్లో వేశారో నోటీసు మీదే రాయించాలి. కలెక్టర్లు ఈ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక రైతు, తూర్పుగోదావరి జిల్లా