పడవకు పేరు పెట్టే ముందు

విశాఖపట్నం

చిట్టితల్లీ శిరీషా,

పడవ ఫొటోలు చేరాయి. మీ అమ్మ చూడగానే "దీనికి ఈత వచ్చా?" అంది. దీనికి అంటే పడవకు కాదు, నీకు. తెరచాప తెల్లగా, బిగువుగా బాగుంది. అడుగుభాగం ఫొటో మాత్రం ఒక్కటి కూడా పెట్టలేదు నువ్వు. సెకండ్ హ్యాండ్ పడవలో ముందు చూడాల్సింది అదే. సరే, దాని సంగతి ఇంకో ఉత్తరంలో మాట్లాడుకుందాం.

మీరంతా కూర్చుని రాసిన పేర్ల జాబితా పక్కింటి కుర్రాడు ప్రింట్ తీసి ఇచ్చాడు. నీవి మూడు, అల్లుడుగారివి రెండు, బుజ్జిగాడిది ఒకటి. వాడు చెప్పిన డైనోసార్ పేరు నాకు నోరు తిరగలేదు. అర్థాలన్నీ పక్కనే రాశావు, ముచ్చటగా ఉన్నాయి. కానీ పేరు వినగానే అర్థం ఏమిటని నేను ఎప్పుడూ ఆలోచించను. అవతలివాడి చెవికి ఎలా పడుతుందా అని చూస్తాను. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఓడల పేర్లు విన్నవాడిని కదా.

నేను ఓడల్లో రేడియో ఆఫీసర్‌గా ఉన్నప్పుడు మా గదిలో ఒక గడియారం ఉండేది, నీకు గుర్తుండదు. దాని ముఖం మీద రెండు ఎర్ర ముక్కలు, రెండు ఆకుపచ్చ ముక్కలు. ప్రతి గంటలో 15 నుంచి 18వ నిమిషం దాకా, మళ్లీ 45 నుంచి 48 దాకా ఎరుపు. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద ఎవరూ మోర్స్, అంటే చుక్కా గీతల సంకేతాలు, కొట్టకూడదు. గంట మొదట్లో మూడు నిమిషాలు, అరగంటకు మూడు నిమిషాలు ఆకుపచ్చ. అప్పుడు 2182 కిలోహెర్ట్జ్ మీద మాటలు బంద్. ఎక్కడో బ్యాటరీ అయిపోవచ్చిన చిన్న పడవ ఏదైనా పిలుస్తుందేమోనని అన్ని ఓడలూ నోరు మూసుకుని వినాలి.

ఒకసారి అరేబియా సముద్రంలో, ఒమన్ తీరానికి దూరంగా, ఆకుపచ్చ ముక్క మీద ముల్లు ఉండగా ఒక మగ గొంతు వచ్చింది. బాగా అలిసిపోయిన గొంతు. "నాట్ టు వరీ, నాట్ టు వరీ, నాట్ టు వరీ" అంటున్నాడు. నేను మైకు అందుకునేలోపే ఇంకో ఓడవాడు "చాలా సంతోషం, గుడ్ నైట్" అనేశాడు. పాపం ఆ మనిషి చెబుతున్నది తన పడవ పేరు! నాట్ అంటే ముడి, సముద్రం మీద వేగానికి కొలత కూడా. కంగారు పడకండి అనే మాటలో ఆ నాట్‌ను ఇరికించి తమాషాగా పెట్టుకున్నాడు. రాత చూసినవాడికి నవ్వొస్తుంది, చెవికి మాత్రం కంగారు పడొద్దనే వినిపిస్తుంది. ఇంజన్ ఆగిపోయి, పడవలోకి నీళ్లు వస్తుంటే ఆయన అరగంట సేపు ఆ పేరుతోనే పిలిచాడట. చివరికి కాల్ సైన్, అంటే పడవకు ఇచ్చిన రేడియో గుర్తు, ఒక్కో అక్షరం విడివిడిగా చెబితే రాసుకుని తీరానికి అందించాం. సలాలా రేవుకు క్షేమంగా చేరాడు.

అందుకని, అల్లుడుగారి "సీ యూ లేటర్" వద్దమ్మా. ఆయన మనసు నొచ్చుకోకుండా నువ్వే చెప్పు. ఆపదలో పిలుపు ఎలా ఉంటుందో నీకు నేర్పే ఉంటారు. మేడే అని మూడుసార్లు, దిస్ ఈజ్ అని, తర్వాత పడవ పేరు మూడుసార్లు. మేడే, దిస్ ఈజ్ సీ యూ లేటర్, సీ యూ లేటర్, సీ యూ లేటర్... విన్నవాడు ఏమనుకుంటాడో నువ్వే ఊహించుకో. ఇప్పుడు రేడియో మీది ఎర్ర బటన్ నొక్కితే పడవ గుర్తింపు నంబరు దానంతట అదే వెళ్తుంది, నిజమే. 1999 ఫిబ్రవరి నుంచి ఆ పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చాకే మాలాంటి మార్కోనీ సాబ్‌ల ఉద్యోగాలు పోయాయి. అయినా బటన్ నొక్కిన తర్వాత నోటితో చెప్పక తప్పదు.

నీ మూడింటిలో మొదటిది మీ అమ్మ పేరు. దానికి ఆవిడే అడ్డం పడింది. "రాజ్యలక్ష్మి మునిగిపోతోంది, రండి రండి అని ఊరంతా వినేలా అరుస్తారా?" అంది. చర్చ అక్కడితో ముగిసింది.

రెండోది తరంగిణి. ఆ పేరుతో మన నేవీకి పెద్ద తెరచాపల శిక్షణ ఓడ ఉంది, 2003లో బయల్దేరి ప్రపంచం చుట్టి వచ్చింది. పేరు బాగానే ఉంది గానీ "ణి" మీ అమెరికావాళ్లకు పలకదు. మూడోది మ్హదేయి. ఎక్కడ చదివావో తెలుసు నాకు. గోవాలో మాండవి నదికి ఇంకో పేరు అది, అక్కడి పడవవాళ్లు కొలిచే దేవత పేరు కూడా. ఆ నదిలోని దివార్ దీవిలో కట్టిన పడవకు ఆ పేరు పెట్టడంలో అందం ఉంది. దిలీప్ దోందే ఆ పడవ మీదే ఒంటరిగా భూమిని చుట్టి వచ్చాడు, మన దేశంలో ఆ పని చేసిన మొదటివాడు. ఆ తర్వాత అభిలాష్ టామీ 2012లో ముంబై నుంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, 2013 మార్చి 31న తిరిగొచ్చాడు. కానీ ఆ పేరు గోవా నదిది. మీ మేరీలాండ్‌లో, చెసపీక్ బేలో తిరిగే పడవకు అంటగడితే అరువు నగలా ఉంటుంది.

దాని చెల్లెలు తారిణి మాత్రం మనకు కాస్త చుట్టరికం ఉన్నదే. బరంపురం అవతల ఋషికుల్య ఒడ్డున కొండ మీద తారాతారిణి గుడి ఉంది. సముద్రం మీద వ్యాపారాలకు వెళ్లేవాళ్లు దండం పెట్టుకుని బయల్దేరే అమ్మవారు. ఆ పేరు పెట్టిన పడవలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు ఆడపిల్లలు బయల్దేరి, 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. చివర్లో చుక్కాని తిప్పే యంత్రాంగం పాడై మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మీ అమ్మ రోజూ పేపర్లో ఆ వార్త వెతుక్కునేది. తారిణి అంటే దాటించేది అని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఫిషింగ్ హార్బర్‌లోనూ అంతేగా! బోటు ముందుభాగం మీద గంగమ్మ తల్లి అని పెద్ద అక్షరాలతో రాయిస్తారు, పక్కన ప్రభుత్వం నంబరు. జెట్టీ మీద అందరూ పిలిచేది మాత్రం ఫలానావాళ్ల బోటు అనే.

అభిలాష్ 2018లో గోల్డెన్ గ్లోబ్ అనే, ఒంటరిగా భూమి చుట్టే పోటీకి మళ్లీ వెళ్లిన పడవ పేరు తురీయ. మెలకువ, కల, గాఢనిద్ర దాటిన నాలుగో స్థితి, ఉపనిషత్తులో మాట. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు తెరచాప కొయ్య విరిగి, ఆయన నడుం దెబ్బతిని, కదల్లేక పడుకుని ఉంటే ఒక ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. అంత బరువైన పేరు పెట్టడం వల్లే అలా జరిగిందని నా పాత స్నేహితుడొకడు ఇప్పటికీ వాదిస్తాడు. నేను ఒప్పుకోను. గాలికి ఉపనిషత్తులు తెలియవు. నాలుగేళ్ల తర్వాత అదే పోటీకి ఆయన, తనకు డబ్బు ఇచ్చిన స్పాన్సర్ కంపెనీ పేరుతో, బయానత్ అనే పడవ తీసుకెళ్లి రెండో స్థానంలో వచ్చాడు. ఆ రెండు పేర్లలో అందం చూస్తే నాకు తురీయే గొప్పది. రెండింటినీ నడిపింది ఒకే మనిషి.

అదృష్టం అంటే గుర్తొచ్చింది. లిప్టన్ టీ తెలుసుగా? ఆ థామస్ లిప్టన్‌కు పడవ పందేల పిచ్చి. అమెరికా కప్పు కోసం షామ్‌రాక్ అని ఒకే పేరుతో ఐదు పడవలు కట్టించాడు. షామ్‌రాక్ అంటే ఐర్లండువాళ్ల మూడు రేకుల ఆకు, శుభమని వాళ్ల నమ్మకం. 1899, 1901, 1903, 1920, 1930, ఐదుసార్లూ ఓడిపోయాడు. టీ మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

నాకు అన్నిటికంటే నచ్చిన పేరు సుహైలీ. నీ పడవలాగే అదీ 32 అడుగులే. మన బొంబాయిలో, మన వడ్రంగులు టేకు చెక్కతో కట్టిన పడవ. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అని ఇంగ్లండు మనిషి, నాలాగే వ్యాపార ఓడల్లో పనిచేసినవాడు, కట్టించుకున్నాడు. దాని మీదే 1968 జూన్ 14న బయల్దేరి 312 రోజులు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడు. ఆ పని అంతకుముందు ఎవరూ చేయలేదు. పోటీకి దిగిన తొమ్మిదిమందిలో పూర్తి చేసింది ఆయనొక్కడే. పర్షియన్ గల్ఫ్‌లో ఆగ్నేయం నుంచి వీచే గాలిని అరబ్బు నావికులు సుహైలీ అంటారు. ఆయన ఆ గాలిలో పనిచేశాడు, అది ముఖం మీద కొట్టగా విన్న పేరు తెచ్చుకున్నాడు. పుస్తకంలో వెతికి పట్టుకున్నది కాదు. అరబ్బీలో సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రం. చలికాలం రాత్రుళ్లు మన డాబా మీద నుంచి దక్షిణంగా, సముద్రం వైపు, కిందికి చూపించేవాడిని, గుర్తుందా? మీ మేరీలాండ్‌లో అది కనిపించదు. మీరు మరీ ఉత్తరాన ఉన్నారు.

కనిపించేది స్వాతి. ఎండాకాలం మొదట్లో చీకటి పడ్డాక సప్తర్షుల తోక వంపును అలాగే పొడిగించుకుంటూ పో, కాస్త నారింజ రంగులో మెరుస్తూ దొరుకుతుంది. హవాయి ద్వీపాల్లో సరిగ్గా నడినెత్తి మీదుగా పోయే చుక్క అదే. అక్కడివాళ్లు పాతకాలం పద్ధతిలో జంట పడవ ఒకటి కట్టి ఆ నక్షత్రం పేరే పెట్టారు, హోకులేఅ అని. 1976లో దిక్సూచి కూడా లేకుండా, చుక్కలూ అలలూ చూసుకుంటూ తహితీ దాకా వెళ్లారు. ఇక స్వాతి కార్తెలో పడ్డ చినుకు ముత్యపుచిప్పలో చేరి ముత్యమవుతుందని మీ నాయనమ్మ చెప్పేది. ఆ కథ నిజమో కాదో గానీ, నువ్వుండే చెసపీక్ ఆల్చిప్పలకు పేరు మోసిన చోటు. బుజ్జిగాడికి చెప్పడానికి బాగుంటుంది.

నా ఓటు స్వాతికి. ఒక చిక్కుంది. ఇంగ్లిషు అక్షరాల్లో హెచ్ పెట్టకుండా రాస్తే అక్కడివాళ్లు స్వాట్ అనే తుపాకుల పోలీసు దళం అనుకుంటారేమో. హెచ్ పెడితే ఇంకోలా పలుకుతారు. నువ్వూ అల్లుడుగారూ తేల్చుకోండి.

పడవను కోస్ట్ గార్డు దగ్గర డాక్యుమెంట్ చేయించే పనైతే అసలు పేరు ఇంగ్లిషు లిపిలోనే ఉండాలి, 33 అక్షరాలు దాటకూడదు, ఆపదలో సాయానికి వాడే మాటలా వినిపించకూడదు. పేరూ, దాని కింద ఊరూ కనీసం నాలుగంగుళాల అక్షరాలతో రాయించాలి. తెలుగులో రాయాలనుకుంటే లోపల, మంచం పైన చెక్క మీద రాసుకో.

పాత పేరు సెకండ్ విండ్ చెరిపేస్తే కీడు అని రేవులో ఎవరో చెప్పారని రాశావు. సముద్రుడి దగ్గర అన్ని పడవల పేర్లూ రాసిన చిట్టా ఉంటుందట, పాత పేరు ఎక్కడా మిగలకుండా తీసేసి, వైను పోసి మన్నించమని అడిగాకే కొత్తది రాయాలట. వైను సంగతి మీ ఇష్టం, నేనైతే కొబ్బరికాయ కొడతాను. నేవీ ఓడలకూ అదే కొడతారు. పాత పేరు మిగల్చకపోవడం మాత్రం చాలా తెలివైన పని. లైఫ్ రింగు మీద, రేడియో రిజిస్ట్రేషన్‌లో, ఆపదలో శాటిలైట్‌కు కబురు పంపే బీకన్ కాగితాల్లో, ఎక్కడ పాత పేరున్నా మార్పించు. నీళ్లలో తేలుతూ పాత పేరున్న రింగు దొరికితే వెతికేవాళ్లు రెండో పడవ కోసం కూడా తిరుగుతారు.

పెయింటర్‌ను పిలిచే ముందు ఒక పని చెయ్. పడవ మీద నుంచి కాదు, ఫోన్‌లో చేసినా చాలు. మన భాష రాని స్నేహితురాలికి ఫోన్ చేసి, పక్కన మిక్సీ నడుపుతూ ఆ పేరు మూడుసార్లు చెప్పు. ఆమెకు ఏం వినిపించిందో కాగితం మీద రాయించి, ఫొటో తీసి నాకు పంపు. అడుగుభాగం ఫొటోలు కూడా మర్చిపోకు.

నాన్న