మన పిన్‌కోడ్‌ను విడగొడితే

బిడ్డా,

మొన్న ఫోన్‌లో క్రిప్టోగ్రఫీ, అదే సందేశాలను రహస్యంగా మార్చే విద్య, ఆ పేపరంటేనే టెన్షన్‌గా ఉందన్నావు, పెద్ద సంఖ్య ఇచ్చి కారణాంకాలు తీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని. ఇంతకీ చిన్నప్పటి నుంచి ప్రతి ఫారం మీద రాస్తున్న మన నల్లగొండ పిన్‌కోడ్‌ను ఎప్పుడైనా విడగొట్టి చూశావా? 508001. అది లెక్కల కోసం పుట్టలేదులే, 1972 ఆగస్టు 15 నుంచి ఉత్తరాలు వేరుచేయడానికి వాడుతున్న గుర్తు, రెండు పిన్‌కోడ్‌లను ఎవరూ కూడరు. కానీ ఆరంకెలు పక్కపక్కన పడ్డాక అదీ ఒక సంఖ్యే.

2, 3, 5తో పోదని చూడగానే తెలుస్తుంది. తర్వాత 7, 11, 13. వీటితో విడివిడిగా భాగించుకుంటూ కూర్చోకు. మూడింటినీ గుణిస్తే 1001 వస్తుంది, 508ని దాంతో గుణిస్తే 508508, అది మూడింటితోనూ పోతుంది. దానికీ మన పిన్‌కోడ్‌కూ తేడా చూస్తే చాలు, అందుకని సంఖ్యను మూడంకెల చొప్పున చీల్చి 508 లోంచి 001 తీసెయ్. 507. ఇది 13తో పోతుంది, 7తో, 11తో పోదు, మన పిన్‌కోడ్ కూడా అంతే. మీ మేనత్త వాళ్ల మిర్యాలగూడ 508207 తీసుకో, 508 లోంచి 207 పోతే 301, ఏడు నలభైమూళ్లు, కాబట్టి వాళ్లది 7తో పోతుంది.

నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. 999 వర్గం 998001. దాని తోక, మన పిన్‌కోడ్ తోక ఒకటే, 8001. తీసేస్తే 490000, సరిగ్గా 700 వర్గం! ఇక ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ నీకు చెప్పాలా, 999లోంచి 700 తీస్తే 299, కలిపితే 1699, ఆ రెండింటి లబ్ధమే 508001. 299 అంటే 13×23. 1699 మాత్రం ఇంక విరగదు. 43 వర్గమే 1849 అయిపోతుంది కదా, 41 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు, చూశాను, దేనితోనూ పోలేదు.

ఇలా రెండు వర్గాల తేడాగా రాసి విడగొట్టే పద్ధతి 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఉన్న గణితజ్ఞుడు ఫెర్మాది. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటేనే తొందరగా తేలుతుంది. మనం ఆయన దారిలోనే 713 నుంచి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతే 999కి చేరేలోపు మీ నాన్న రెండుసార్లు చాయ్ అడిగేవాడు, తోక కలవబట్టి బతికిపోయాం. మీ పేపర్‌లో ఉండే ఆర్‌ఎస్‌ఏ అనే రహస్యలిపి పద్ధతిలో (1977లో వచ్చింది) రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి వందల అంకెల సంఖ్య తయారుచేస్తారు, ఆ రెండూ మరీ దగ్గరగా లేకుండా జాగ్రత్తపడతారు. ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

మీ ఉస్మానియా క్యాంపస్‌ది 500007 కదా. అంకెలు కూడితే 12, అంటే 3తో పోతుంది, 166669 వస్తుంది. అది ఇంకా విరుగుతుందో లేదో నువ్వు చూడు, 408 దాటి వెళ్లే పనిలేదు. ఆదివారం ఫోన్‌లో చెప్పు. కాలిక్యులేటర్ వాడుకో, ఏం పర్లేదు, కానీ 7, 11, 13 మాత్రం నోటితోనే తేల్చాలి.

అమ్మ