రేటింగు ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకుల వారికి,

కస్టమర్ల మనసు తెలుసుకోవడానికి చాలా సంస్థలు ఇప్పటికీ ఒకే ప్రశ్నను నమ్ముకుంటున్నాయి: ‘మమ్మల్ని ఇతరులకు సిఫారసు చేస్తారా? 0 నుంచి 10 లోపు చెప్పండి.’ 2003లో అమెరికా వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైకెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోరు ఇది. 9, 10 ఇచ్చినవారి శాతంలోంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవారి శాతాన్ని తీసేస్తారు. తిరకాసు ఇక్కడే ఉంది. 60 శాతం మెచ్చుకుని 40 శాతం తిట్టిపోసినా స్కోరు 20; 20 శాతం మెచ్చుకుని మిగతా అందరూ 7, 8 ఇచ్చినా 20. ఈ రెండు జబ్బులకూ ఒకే మందు పనిచేయదు.

పైగా సర్వే లింకు సాధారణంగా పని పూర్తయినవారికే వెళ్తుంది. చెల్లింపు పేజీలో ఓటీపీ రాక విసిగిపోయినవారి గోడు అందులో ఉండదు. వారి జాడ యాప్ లాగ్‌లలో, అంటే యాప్‌లో ఎవరేం చేశారో నమోదయ్యే చిట్టాల్లో వెతకాలి: ఫారం తెరిచిందెందరు, ఏ గడి దగ్గర ఆగిపోయారు, ఏ ఎర్రర్ పదేపదే వచ్చింది. మొబైల్, కంప్యూటర్ లెక్కలు కలిపి సగటు తీస్తే లోపం మరుగున పడిపోతుంది.

కాల్ సెంటర్ల తీరు మరీ విడ్డూరం. కాల్ ఎంత త్వరగా ముగిసిందన్నదే కొలమానమైతే, సమస్య తేలకుండానే ఫోన్ పెట్టేస్తారు. అదే సమస్యతో 7 రోజుల్లోపు మళ్లీ చేసినవారెందరో లెక్కించండి, అసలు పరిస్థితి బయటపడుతుంది. చాట్‌బాట్‌తో మాట్లాడుతూ కస్టమర్లు మధ్యలో వదిలేసిన సంభాషణలను ‘పరిష్కారమయ్యాయి’ అని రాసుకోవడమూ ఇలాంటి గారడీయే. కస్టమర్ మాట రెండుసార్లు అర్థం కాకపోతే చాట్‌బాట్ ఆ పనిని మనిషికి అప్పగించాలి, అప్పటిదాకా జరిగిన సంభాషణతో సహా. లేకుంటే కస్టమర్ ఆర్డరు నంబరు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

– ఒక పాఠకుడు