బెర్లిన్ టూర్‌పై ఫిర్యాదు: ఉచిత ప్రవేశానికి టికెట్ డబ్బు, సెలవు రోజున మ్యూజియం

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ సంస్థ ద్వారా నేనూ, నా భార్యా ఈమధ్య బెర్లిన్ వెళ్లొచ్చాం. నేను 1986లో, నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా విడదీసిన గోడ ఇంకా ఉన్న రోజుల్లో, పశ్చిమ బెర్లిన్‌లో కొంతకాలం చదువుకున్నాననీ, ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్ పక్కనున్న ట్రేనెన్‌పలాస్ట్‌ను (అప్పట్లో తూర్పు నుంచి పశ్చిమానికి వెళ్లేవాళ్లను తనిఖీ చేసిన హాలు, ఇప్పుడు మ్యూజియం) మా ఆవిడకు తప్పకుండా చూపించాలనీ బుకింగ్ అప్పుడే చెప్పాను. మీవాళ్లు సరేనని ప్రోగ్రాంలో రాసి ఇచ్చారు.

తీరా తీసుకెళ్లింది సోమవారం. ఆ మ్యూజియానికి సోమవారం సెలవు.

ఆ భవనం కోసం నేనెందుకంత పట్టుబట్టానో మీకు తెలియాలి. అప్పట్లో మాలాంటి విదేశీయులు ఒక్కరోజు వీసాతో తూర్పు బెర్లిన్ వెళ్లేవాళ్లం. వెళ్లేటప్పుడు 25 పశ్చిమ మార్కులిచ్చి 25 తూర్పు మార్కులు తీసుకోవాల్సిందే. మిగిలినవి బయటికి తేవడానికి వీల్లేదు. తిరిగొచ్చేది ఈ గాజు హాల్లోంచే. తూర్పు బెర్లిన్‌లోని హంబోల్ట్ యూనివర్సిటీలో చదివే మిత్రుడొకడు నన్ను సాగనంపడానికి తలుపు దాకా వచ్చేవాడు. అది దాటే హక్కు అతనికి లేదు. లోపల ఇరుకు క్యాబిన్‌లో అధికారి నా ముఖాన్నీ, పాస్‌పోర్టు ఫొటోనూ మార్చి మార్చి చూస్తుంటే టెన్షన్‌తో నిలబడేవాణ్ణి. అలాంటి క్యాబిన్ ఒకటి లోపల భద్రంగా ఉంచారు. ఇంత దూరం వెళ్లి, బయటి నుంచి గాజులోకి తొంగిచూసి వచ్చేశాం.

ట్రేనెన్‌పలాస్ట్‌ను మరో రోజుకు మార్చమని గైడ్‌ను బతిమాలాను. కుదరదన్నారు. కానీ మర్నాడు మధ్యాహ్నమంతా షాపింగ్ మాల్‌కు మాత్రం టైం దొరికింది!

ఇక బిల్లు. ట్రేనెన్‌పలాస్ట్‌కూ, బెర్నావర్ స్ట్రాసెలోని గోడ స్మారకానికీ ప్రవేశ టికెట్ల కింద మా దగ్గర డబ్బు తీసుకున్నారు. రెండింటికీ ప్రవేశం ఉచితం. ఇది పొరపాటని నేను అనుకోలేకపోతున్నాను.

గైడ్ చెప్పిన మాటలూ అలాగే ఉన్నాయి. గోడ కాలంలో సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గరున్న కాపలా గదిని అసలుదని చెప్పారు. అసలు గదిని 1990లోనే అక్కణ్ణుంచి తీసేశారు, అది డాలెంలోని అలైడ్ మ్యూజియంలో ఉంది. హంబోల్ట్ ఫోరం అనే మ్యూజియం భవనాన్ని రాజుల కాలం నుంచీ నిలిచి ఉన్న ప్యాలెస్ అన్నారు. నేను చదువుకునే రోజుల్లో అక్కడున్నది రాగి రంగు అద్దాల 'పలాస్ట్ డెర్ రిపబ్లిక్', అంటే తూర్పు జర్మనీ పార్లమెంటు భవనం. దాన్ని 2008 నాటికి పూర్తిగా కూల్చేసి, ఆ తర్వాత కట్టిన భవనం ఇది. బస్సులో ఉన్న పిల్లలు గైడ్ చెప్పిందే నోట్ చేసుకుంటుంటే నాకు బాధేసింది.

నగరం మారిపోయిందని కాదు నా ఫిర్యాదు. ఒకప్పుడు బీడుగా ఉన్న పోట్స్‌డామర్ ప్లాట్జ్‌లో ఇప్పుడు జనం తిరుగుతుంటే చూసి సంతోషించాను. ఉన్నదాన్ని చూపించకపోవడం, లేనిదాన్ని చెప్పడం, ఉచితమైనదానికి డబ్బు తీసుకోవడం, వీటి గురించే అడుగుతున్నాను.

టికెట్ల పేరుతో వసూలు చేసిన మొత్తాన్ని మాతో వచ్చిన అందరికీ తిరిగి ఇవ్వండి. ట్రేనెన్‌పలాస్ట్‌ను సోమవారం నుంచి మార్చండి. గైడ్‌కు సరైన సమాచారం ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, ప్రోగ్రాం కాపీలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన ప్రయాణికుడు