మణికట్టు గడ్డకు సూది వేసే ముందు స్కానింగ్ చేయించాలి

సంపాదకులకు,

మణికట్టు మీద గడ్డ లేస్తే నీటిగడ్డేలే అని గట్టిగా నొక్కించడం, బరువైన వస్తువుతో కొట్టి పగలగొట్టడం, ఊళ్లోనే సిరంజీతో నీరు లాగించడం మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా చూస్తున్నాం. వీటిలో చాలావరకు గాంగ్లియాన్ సిస్టులే, అంటే కీలు దగ్గర జిగురు నీరు నిండిన సంచులు. క్యాన్సర్ కాదు, దాదాపు సగం వాటంతటవే తగ్గిపోతాయి. భయమల్లా అరచేతి వైపు, నాడి చూసేచోట వచ్చే గడ్డతోనే. అక్కడ చేతికి రక్తం తెచ్చే రేడియల్ ధమని గడ్డను ఆనుకునే ఉంటుంది, అరుదుగా ఉబ్బిన ధమనే గడ్డలా కనిపిస్తుంది. చూడకుండా సూది గుచ్చితే వచ్చేది నెత్తురే.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు పొట్ట మీద పెట్టే వంపు ప్రోబ్ (చర్మానికి ఆనించే పరికరం) పనికిరాదు. థైరాయిడ్‌కు వాడే లీనియర్ ప్రోబ్, 10 మెగాహెర్ట్జ్‌కు పైబడినది కావాలి. జెల్ దండిగా వేసి, ప్రోబ్‌ను ఒత్తకుండా ఆనించాలి. అదిమితే చిన్న గడ్డ ఆకారమే మారిపోతుంది. గాంగ్లియాన్ అయితే అంచు స్పష్టంగా, లోపల నల్లగా, గడ్డ వెనక ఉన్న భాగం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. దాని తోక, అంటే గడ్డను కీలుతో కలిపే సన్నని కాడ, ఏ కీలులోకి దిగుతోందో వెతికి పట్టాలి. చేతి వెనక వైపు గడ్డలకు ఎక్కువగా మణికట్టులోని రెండు చిన్న ఎముకలను కలిపే స్కాఫోలూనేట్ లిగమెంటే మూలం.

పొరపాటు జరిగేది ఎక్కువగా గెయిన్ (స్కానింగ్ బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) దగ్గరే. అది బాగా తగ్గిస్తే, స్నాయువు పొర నుంచి పుట్టే జెయింట్ సెల్ ట్యూమర్ లాంటి గట్టి కణితి కూడా నీటిలా నల్లగా కనిపిస్తుంది. అందుకే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ తప్పనిసరి, అదీ నెమ్మదైన ప్రవాహాన్ని కూడా పట్టే సెట్టింగ్‌లో. లోపల రక్తనాళాలు కనిపిస్తే అది మామూలు గాంగ్లియాన్ కాదు. పొలం పనిలో గుచ్చుకున్న తుమ్మముల్లు లోపలే విరిగి గడ్డ కట్టినా స్కానింగ్‌లో తెల్లటి గీతగా దొరుకుతుంది. ఎక్స్‌రేలో చాలాసార్లు అది కనిపించదు.

గాంగ్లియాన్ నీరు జిగురులా చిక్కగా ఉంటుంది కాబట్టి సన్నసూదితో రాదు, లావుగా ఉండే 18 గేజ్ సూది కావాలి. లాగినా సగానికి పైగా మళ్లీ వస్తాయని రోగికి ముందే చెప్పాలి. స్కానింగ్ సెంటర్ల వారికి మా విన్నపం ఒక్కటే: రిపోర్టులో ‘సిస్టు’ అని రాసి వదిలేయకండి. మూడు కొలతలు మిల్లీమీటర్లలో, తోక దిశ, డాప్లర్ ఫలితం, ధమనికి ఎంత దూరమో రాయండి. ఆపరేషన్ చేసే డాక్టరు కత్తి ఎక్కడ పెట్టాలో దాన్ని చూసే నిర్ణయించుకుంటారు.

– రేడియాలజీ వైద్యులు, నల్లగొండ