సర్టిఫికెట్ లేని పిల్లలకూ హక్కుంది, రాసిచ్చేదెవరు?

సంపాదకులు గారికి,

మా మనవరాలు సైదాబాద్‌లో ఓ ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతోంది. గవదబిళ్లలొచ్చి తగ్గాక దాని ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి ఏ లోటూ లేదు. క్లాసులో ఎడమ గోడ పక్కన ముందు బెంచీలో కూర్చోబెడితే టీచరు మాటా, తోటి పిల్లల మాటా కుడి చెవికి అందుతాయి. కానీ ఆ బడిలో సోమవారం వచ్చిందంటే బెంచీలు మారుస్తారు. కుడి గోడ పక్కకు పోయిన వారం డిక్టేషన్‌లో ‘కాలువ’ అని చెబితే ‘కలువ’ రాసుకొస్తుంది. ఈ ఒక్క పిల్లను కదపకండి అని మా కోడలు అడిగితే క్లాస్ టీచరు సరేనంది. దసరా సెలవుల తర్వాత ఆవిడ మానేసింది, కొత్తావిడకు సంగతి తెలియదు. ఇంచార్జి మేడమ్‌ను కలిస్తే, “సదరం సర్టిఫికెట్ తెండి, లేకపోతే మిగతా పేరెంట్స్ ఊరుకోరు” అంది.

పింఛనుకూ రిజర్వేషన్లకూ పనికొచ్చే, 40 శాతం వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్ ఒక్క చెవి పోయినవాళ్లకు రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నా, వినికిడి లోపమంటే రెండు చెవులకూ ఉండాలి.

అంతమాత్రాన హక్కు లేదా? ఉద్యోగమంతా నాంపల్లి కోర్టులో ఫైళ్ల కట్టల మధ్య గడిపినవాణ్ణి, ఊరుకోలేక చట్టం తెచ్చి చదివాను. దీర్ఘకాలం ఉండే లోపం వల్ల నలుగురితో సమానంగా పాల్గొనలేకపోతున్నవాళ్లందరూ దాని పరిధిలోకి వస్తారు. ప్రభుత్వ గుర్తింపున్న ప్రతి బడీ అలాంటి పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేసేలా ప్రభుత్వాలు చూడాలని 16వ సెక్షన్ చెబుతోంది. అక్కడ 40 శాతం ఊసే లేదు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఓ అభ్యర్థికి యూపీఎస్సీ స్క్రైబును (చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషిని) నిరాకరించిన వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇదే తేల్చింది. 40 శాతం గీత కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే, సర్దుబాట్లకు కాదంది.

మా పెద్దమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. దాని కొడుక్కి టైప్-1 షుగర్. అక్కడి బడి రెండు పేజీల ‘504 ప్లాన్’ రాసిచ్చింది, వాట్సాప్‌లో పంపితే చదివాను. పరీక్ష మధ్యలో షుగర్ పడిపోతే గడియారం ఆపాలి, ఏదైనా తిని తేరుకున్నాక మిగిలిన టైము ఇవ్వాలి. నర్సు రాని రోజు ఎవరు చూసుకోవాలో కూడా అందులో ఉంది. టీచరు మారితే కొత్త టీచరు చేతికి అదే కాగితం వెళుతుంది.

504 అన్నది వాళ్ల 1973 పునరావాస చట్టంలో ఓ సెక్షన్. రూల్స్ రాయకుండా నాలుగేళ్లు నానిస్తే, 1977లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ ఆఫీసులో వారాల తరబడి బైఠాయించి సంతకం పెట్టించుకున్నారు. (ఫైలు కదలకపోవడం మన సొత్తే అనుకునేవాణ్ణి.) 1975లో వచ్చి, తర్వాత ‘ఐడియా’గా పేరు మారిన చట్టం వేరే ఉంది. ప్రత్యేక బోధన కావలసిన పిల్లలకు దాని కింద ఐఈపీ అనే ప్రణాళిక రాతలో ఉండి తీరాలి. నచ్చకపోతే తల్లిదండ్రులు విచారణాధికారి దగ్గరకు వెళ్లొచ్చు. మావాడు చదువులో చురుకే గనక 504తో సరిపోయింది.

అమెరికాలో అంతా బాగుందని కాదు. ఐడియా కింద అయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామన్న కేంద్ర ప్రభుత్వం ఏనాడూ అంత ఇవ్వలేదు, 504కైతే విడిగా పైసా లేదు. ఆ కేంద్ర (ఫెడరల్) నిధులు తీసుకోని ప్రైవేటు బడికి 504 వర్తించదు. వికలాంగులపై వివక్ష కూడదనే 1990 నాటి ఏడీఏ చట్టం వర్తిస్తుంది గానీ, మతసంస్థల బడులకు అదీ లేదు. మన 16వ సెక్షన్ గుర్తింపున్న ప్రైవేటు బడినీ వదలదు. వీధికో ప్రైవేటు బడి ఉన్న హైదరాబాద్‌లో ఇది చిన్న సంగతి కాదు. చట్టాన్ని మీరితే మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ మీరితే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా కూడా రాసి ఉంది. లేనిదల్లా పిల్ల పేరు మీద ఓ కాగితం. టీచరు నోటిమాటగా ఒప్పుకున్నది ఆవిడతోపాటే పోయింది. రేపు మేం వికలాంగుల కమిషనర్ దగ్గరకు వెళితే ఏం చూపించాలి?

నిజానికి 504 కింద ప్లాన్ రాతలో ఉండాలన్న నిబంధన అక్కడా లేదు, బడులే రాసివ్వడం అలవాటు చేసుకున్నాయి. కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదు, విద్యాశాఖ సర్క్యులర్ చాలు. జూన్‌లో బడి తెరవగానే ఏ పిల్లకు ఏం చెయ్యాలో ఒక పేజీలో రాసి ప్రిన్సిపాలు, క్లాస్ టీచరు, తల్లిదండ్రులు సంతకాలు పెట్టాలి. ఒక కాపీ ఇంటికివ్వాలి, ఒకటి అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉంచాలి. గుర్తింపు రెన్యువల్‌కు వచ్చినప్పుడు అధికారులు ఫైర్ ఎన్‌ఓసీతోపాటు ఈ కాగితాలూ అడగాలి. డైరీలో ఫీజు నిబంధనలే పేజీ నిండా అచ్చు వేసుకునే బడులకు ఇదేం బరువు కాదు.

మా కోడలు అలాంటి పేజీ ఒకటి తనే రాసి బడిలో ఇచ్చింది. ముట్టినట్టు సంతకం పెట్టమంటే, పైనుంచి ఆర్డర్ ఉంటే గానీ పెట్టమన్నారు. ఆ ఆర్డర్ ఎప్పుడిస్తారో పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారు చెప్పాలి.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, సైదాబాద్, హైదరాబాద్