వరలక్ష్మీ వ్రతం దాకా ఆగొద్దు

తెనాలి,
10-8-2021

చి.ల.సౌ. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కనక ఇది రాసి, ఫోటో తీయించి అబ్బాయికి వాట్సాప్ చేయిస్తున్నా. నాన్నగారి మోకాలు నొప్పి అలాగే ఉంది. పెరట్లో మునగ విరగ్గాసింది. ఐరన్ బిళ్ళ కాఫీతో వేసుకోవడం మానావా? రెండిటికీ గంటైనా ఎడం ఉండాలి.

కడుపుతో ఉన్న నీ దగ్గర కోవిడ్ టీకా మాట ఎత్తనని అబ్బాయికి మాటిచ్చాను. ఎత్తను. ‘మూడింట రెండొంతుల మందికి ఒంట్లో జబ్బుతో పోరాడే యాంటీబాడీలు వచ్చేశాయట, ఇంక నాకెందుకు’ అన్నావని మాత్రం విజయత్తయ్య చెప్పింది. లెక్క అబద్ధం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జూన్, జూలైల్లో రక్తంలో యాంటీబాడీలు చూస్తూ చేసిన నాలుగో సీరో సర్వేలో 67.6 శాతం తేలింది. కానీ అది 70 జిల్లాల్లో తీసిన సగటు. మీ అపార్ట్‌మెంట్ సంగతి గానీ నీ ఒంటి సంగతి గానీ అందులో ఉండదు. పైగా ఒకరి నుంచి ముగ్గురికి అంటుకునే జబ్బైతే, దాన్ని ఆపడానికి 67 శాతం మందికి రక్షణ ఉంటే సరిపోతుంది. ఇప్పుడు తిరుగుతున్న డెల్టా రకం వైరస్ ఆరుగురికి అంటిస్తుందనుకో, ఆరుగురిలో ఐదుగురికి రక్షణ ఉండాలి, అంటే 83 శాతం. టీకా వేయించుకున్నవాళ్ళలోనూ కొందరికి సోకుతోంది, ప్రాణం మీదికి రాకుండా మాత్రం అది గట్టిగా కాస్తోంది. పక్కవాళ్ళ యాంటీబాడీల చాటున దాక్కుంటానంటే కుదరదు.

బ్రెజిల్‌లో అమెజాన్ అడవి మధ్య మనౌస్ అని పెద్ద ఊరుంది. నిరుడు ఏప్రిల్, మే నెలల్లో అక్కడ కందకాలు తవ్వి శవాలను వరసగా పూడ్చారు. తర్వాత కేసులు పడిపోయాయి. రక్తదానం చేసినవాళ్ళ నమూనాలు పరీక్షించి, అక్టోబరు నాటికి ఊళ్ళో 76 శాతం మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఇంకేం, గండం గట్టెక్కిందనుకున్నారు చాలామంది. ఈ జనవరిలో మళ్ళీ విరుచుకుపడింది. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ నిండుకుంది, వెనిజులా నుంచి లారీల్లో వచ్చింది. రక్తం ఇచ్చేవాళ్ళు ఊరందరికీ నమూనా కారు. మొదట వచ్చిన యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ పల్చబడతాయి. ఈలోగా గామా అనే కొత్త రకం పుట్టింది. మూడూ కలిశాయి. ‘చాల్లే, కడుపుతో ఉన్న పిల్లని భయపెట్టకు’ అంటున్నారు నాన్నగారు. భయపెట్టడం కాదు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు వస్తే ఐసీయూ దాకా వెళ్ళే ప్రమాదం ఎక్కువ, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ ఎక్కువ.

గర్భిణులకి టీకా వద్దన్న మాటకి మూలం ఉంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి వేసే ఎం.ఎం.ఆర్. లాంటి బతికున్న వైరస్ టీకాలు వాళ్ళకి వెయ్యరు. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్. కోవిషీల్డ్‌లోది చింపాంజీల జలుబు వైరస్, ఒంట్లో పెరగకుండా మార్చారు. మొదటి ట్రయల్స్‌లో గర్భిణులను చేర్చలేదు, అందుకే ముందు ఆపారు. ఎన్నో నెలైనా వేయించుకోవచ్చని కేంద్రం జూలై 2నే చెప్పింది.

తేదీలు చూడు. గురువారం 12న కోవిషీల్డ్ వేయించుకుంటే పన్నెండు వారాలకి నవంబర్ 4, దీపావళి. మర్నాడు రెండోది వేయించుకోవచ్చు. పూర్తి బలం రావడానికి ఇంకో రెండు వారాలు. నీకు కాన్పు డిసెంబర్ మూడో వారం అన్నారు. వ్రతం అయ్యాక, వినాయక చవితి అయ్యాక అని జరుపుకుంటూ పోతే రెండో డోసు డిసెంబర్ 3కి పోతుంది, పురిటి ముందు టీకా వరసలో నిలబడాలి. కోవాగ్జిన్ దొరికితే ఎడం నాలుగు వారాలే. నీలో తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకీ వెళతాయి, పుట్టిన బిడ్డకి వెయ్యడానికి వేరే టీకా లేదు.

టిఫిన్ తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో కళ్ళు తిరుగుతాయి. వదులు చేతుల కుర్తా వేసుకో. సీసాలో పది డోసులు, మూత తీశాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, అందుకని పదిమంది చేరేదాకా కూర్చోబెడతారు, విసుక్కోకు. సీసా మీద తీసిన టైము రాశారేమో చూడు. సూది గుచ్చినచోట రుద్దొద్దు. అరగంట అక్కడే ఉండు. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకో, బ్రూఫెన్ జోలికి వెళ్ళకు. ఇరవై రోజుల్లోగా ఆయాసం, ఛాతీ నొప్పి, కాలి వాపు, తగ్గని తలనొప్పి కనబడితే వెంటనే డాక్టరమ్మకి చెప్పు. లక్షల్లో ఏ ఒక్కరికో, అయినా చెప్పు. సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందుందా వెనకుందా, అబ్బాయిని చూసుకోమను.

అమ్మ